చేతిలో తొమ్మిదుల జత

ఆసుల జత వస్తే ఏం చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. రెండుల జత వస్తే చవగ్గా ఫ్లాప్ చూసి, మూడో రెండు పడకపోతే పారేయడం కూడా పెద్ద విద్యేం కాదు. నా డబ్బు పోయిందంతా ఈ రెండింటి మధ్యలోనే. ఏడుల నుంచి పదుల దాకా ఉండే జతలు, అందులోనూ తొమ్మిదులు. పారేయడానికి మనసొప్పదు, పట్టుకుంటే ఎక్కడ వదలాలో తెలియదు. చాలాకాలం ఈ నష్టాలన్నీ దురదృష్టం ఖాతాలో రాసుకున్నాను. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాక ఆ ఖాతాలో మిగిలింది బాగా తక్కువ.

పోకర్ తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. ఆఖరుది రివర్. చేతిలోవి రెండు, బల్ల మీదవి ఐదు, ఈ ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. పంచగానే ఒకసారి, ఆ తర్వాత ముక్కలు తెరిచిన ప్రతిసారీ పందెం నడుస్తుంది. టోర్నమెంటులో అందరూ ఒకే రుసుము కట్టి, ఒకేలా చిప్స్ తీసుకుని కూర్చుంటారు. బ్లైండ్లు అనే తప్పనిసరి పందేలు అరగంటకో ముప్పావుగంటకో పెరుగుతూ పోతాయి. చిప్స్ అయిపోయినవాడు లేచిపోవాలి. వందమంది కూర్చుంటే ఆఖర్న మిగిలే పది పదిహేనుమందికే డబ్బు. అందుకే ఆటగాడి బలాన్ని చిప్స్‌లో చెప్పరు, ‘ఎన్ని బ్లైండ్లు ఉన్నాయి’ అని అడుగుతారు. ఇరవై వేల చిప్స్ ఉన్నా, పెద్ద బ్లైండ్ రెండు వేలైతే వాడి దగ్గర ఉన్నవి పదే.

నేను పుట్టింది గోదావరి జిల్లాలో. సంక్రాంతి మూడురోజులూ కోడిపందేల బరి పక్కనే పేకాట. పెద్దవాళ్లు మూడు ముక్కలాట ఆడుతుంటే వెనక నిలబడి చూసి నేర్చుకున్నవాణ్ణి. ఆ ఆటలో చేతికి జత వచ్చిందంటే గుండె వేగం మారుతుంది. కారణం లేకపోలేదు. యాభైరెండు ముక్కల్లోంచి మూడు తీస్తే 22,100 రకాలుగా రావచ్చు. అందులో 16,440 ఉత్త చేతులు. జతా లేదు, వరసా లేదు, రంగూ లేదు. అంటే ఏ జతైనా నూటికి 74 చేతుల కంటే అప్పటికే పైన ఉంటుంది. ఒక్క జతతో పొలం గట్టు పందెం కాయగల ఆట అది.

హోల్డెమ్‌లో ఏడు ముక్కల్లోంచి ఐదు ఏరుకుంటారు. ఆఖరి దాకా చూస్తే జతైనా పడని చేతులు నూటికి 17 మాత్రమే. ఒక్క జతతో ఆగిపోయేవి 44. మిగిలిన 39 చేతులు రెండు జతలో, అంతకంటే మంచివో. అంటే ఈ ఆటలో జత అన్నది సర్వసాధారణం. నేను మాత్రం మా ఊరి గుండెను అలాగే లాస్‌వెగాస్ తీసుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టాను. ఉద్యోగం ఫీనిక్స్‌లో. కారులో ఐదు గంటలు పోతే వెగాస్. ఏటా వేసవిలో అక్కడ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరిగే రోజుల్లో చుట్టుపక్కల కాసినోల్లో చిన్నాపెద్దా టోర్నమెంట్లు జాతరలా నడుస్తాయి. పదివేల డాలర్ల మెయిన్ ఈవెంట్ నా స్థాయి కాదు. రెండు మూడు వందల డాలర్లవే నావి.

తొమ్మిదుల జత ఎంత గొప్పదో, ఎంత తక్కువదో అంకెలు చూడండి. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలుంటే, రివర్ దాకా పోయినప్పుడు తొమ్మిదులు నూటికి 72 సార్లు గెలుస్తాయి. అదే తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర, మిగతా ఎనిమిదిమందిలో ఒకడికైనా పది మొదలు ఆసు దాకా ఏదో ఒక పెద్ద జత ఉండే అవకాశం నూటికి దాదాపు 18. ఫ్లాప్‌లో తొమ్మిది కంటే పెద్ద ముక్క ఒక్కటైనా పడే అవకాశం 79. ఎనిమిదులైతే 87, ఏడులైతే 92. పదులకు కూడా 70. మూడో తొమ్మిది ఫ్లాప్‌లో పడటం అంటారా, ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. అంటే ఎక్కువసార్లు మీరు చూసేది రాజో రాణో తెరుచుకున్న బల్ల, చేతిలో మారని తొమ్మిదులు, అవతల పందెం కాస్తున్న మనిషి.

నా మొదటి రకం తప్పు దీనికి తలకిందులుగా జరిగింది. పెద్ద ముక్క పడనప్పుడు. టోర్నమెంటు మొదలై ఎంతోసేపు కాలేదు. బ్లైండ్లు 100, 200. నా దగ్గర ఇరవై వేలు, అంటే వంద బ్లైండ్లు. తొమ్మిదులు వచ్చాయి, 500కి పెంచాను. ఎదుటి వరసలో ఒక పెద్దాయన, పొద్దున్నుంచీ కాఫీ తాగుతూ ముక్కలు పారేస్తూ కూర్చున్నాయన, 1,500 చేశాడు. మిగతావాళ్లు తప్పుకున్నారు. నేను కాల్ చేశాను, అంటే ఆయన పెట్టినంతా నేనూ పెట్టాను. ఇంతవరకూ నన్ను నేను తప్పు పట్టుకోను. ఇంకో వెయ్యి పెట్టడానికి నా వెనక పద్దెనిమిదిన్నర వేలున్నాయి, ఆయన దగ్గరా అంతే. మూడో తొమ్మిది పడితే మొత్తం లాగొచ్చు.

ఫ్లాప్‌లో ఎనిమిది, ఐదు, రెండు పడ్డాయి. బల్ల మీద నా కంటే పెద్దది లేదు. ఒంట్లో సంక్రాంతి మొదలైంది. ఆయన 1,800 కాస్తే ఇచ్చాను. టర్న్‌లో మూడు. ఆయన 4,500. ఇచ్చాను. రివర్‌లో ఇంకో రెండు. పెద్దాయన చిప్స్ అన్నీ రెండు చేతులతో ముందుకు నెట్టాడు. నేను కూడా 12,200 ఇచ్చేశాను. ఆయన రాణుల జత తిప్పాడు, ‘సారీ’ అని కూడా అన్నాడు.

అప్పుడు నా బుర్రలో తిరిగిన మాట ‘బల్ల మీద పెద్ద ముక్క లేదు’ అన్నదొక్కటే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పొద్దున్నుంచీ ఒక్క పందెం కాయని మనిషి, నేను పెంచాక మళ్లీ పెంచి, మూడుసార్లు వరసగా కాస్తున్నాడంటే, ఆయన చేతిలో నేను గెలవగలిగింది ఏముంది? ఆసు, రాజు పట్టుకుని ఏమీ తగలక రివర్‌లో పన్నెండు వేలు అబద్ధం ఆడే రకమా ఆయన? వెగాస్‌లో పగటిపూట టోర్నమెంట్లలో కూర్చునే రిటైర్డ్ అమెరికన్ పెద్దమనుషుల్లో అలాంటివాళ్లు నాకు తగల్లేదు. ఫ్లాప్‌లో ఒక పందెం ఇవ్వొచ్చు, తప్పు లేదు. టర్న్‌లో 4,500 అన్నప్పుడు పారేస్తే నా దగ్గర ఇంకా పదహారు వేలకు పైగా ఉండేవి. ఎనభై బ్లైండ్లు. ఆట అప్పుడే మొదలైంది కూడా.

రెండో రకం తప్పు పెద్ద శబ్దం చేయదు, అందుకే కనిపెట్టడానికి ఏళ్లు పట్టింది. మధ్యాహ్నం దాటాక బ్లైండ్లు పెరిగి నా దగ్గర ఇరవై, ఇరవైరెండు మిగులుతాయి. ముందున్నవాడు రెండుంబావు బ్లైండ్లకు పెంచుతాడు. నా దగ్గర ఎనిమిదులు. ‘మూడో ఎనిమిది పడి సెట్టైతే వీడి పని అయిపోయినట్టే’ అని కాల్ చేస్తాను. ఫ్లాప్‌లో ఆసు, రాణి, నాలుగు. వాడు కాస్తాడు, నేను పారేస్తాను. అరగంటకు ఏడులు. మళ్లీ అదే కథ. ప్రతిసారీ నా చిప్స్‌లో పదో వంతు పోతుంది. ఎవరూ చూడరు, నాకూ నొప్పి తెలియదు. ‘క్రమశిక్షణగా ఆడుతున్నాను’ అని పైపెచ్చు గర్వం.

లెక్క వేస్తే ఆ గర్వం నిలబడదు. సెట్టు ఎనిమిదిన్నరసార్లకు ఒకసారి పడుతుంది. దానికోసమే కాల్ చేస్తున్నానంటే, పడిన ఆ ఒక్కసారీ పోయిన ఏడున్నరసార్ల ఖర్చు తిరిగి రావాలి. ఒక్కో కాల్‌కు రెండుంబావు చొప్పున దాదాపు పదిహేడు బ్లైండ్లు. ఎదుటివాడి దగ్గర మిగిలింది ఇరవై. అంటే సెట్టు పడ్డ ప్రతిసారీ వాడు ఇంచుమించు తన సర్వస్వం నాకు సమర్పించాలి. వాడి దగ్గర ఏమీ లేకపోతే ఎందుకు ఇస్తాడు? అందుకే అనుభవజ్ఞులు ఇలా సెట్టు కోసం కాల్ చేయాలంటే పెట్టే మొత్తానికి పదిహేను, ఇరవై రెట్లు వెనక ఉండాలంటారు. నాకు ఉన్నది తొమ్మిది రెట్లు. వంద బ్లైండ్ల రోజున సబబైన పనిని ఇరవై బ్లైండ్ల రోజున కూడా చేస్తూ పోయాను. ముక్కలు అవే కదా అని.

ఇక మూడోది. దీనికి బీజం ఓటమిలో కాదు, ఒక గెలుపులో పడింది. ఒక వేసవిలో, డబ్బులొచ్చే గీతకు కొంచెం ముందు, ఒకాయన అన్ని చిప్సూ తోసేస్తే నేను పదుల జతతో రెండు సెకన్లలో కాల్ చేశాను. ఆయనది ఆసు, రాజు. ఏమీ తగల్లేదు. ఆ చిప్స్‌తో ఫైనల్ టేబుల్ దాకా పోయాను. తిరిగొచ్చాక ఎవరింట్లో భోజనాలకు కలిసినా ఆ కథే. చెప్పిన ప్రతిసారీ నా ధైర్యం ఓ అంగుళం పెరిగింది. ఆ కాల్ మంచిదా కాదా అని ఎవరూ అడగలేదు, గెలిచినవాణ్ణి ఎవరు అడుగుతారు?

టీవీలో, వీడియోల్లో చూసినవి కూడా దానికి తోడయ్యాయి. 1989లో ఫిల్ హెల్‌మ్యూత్ వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ గెలిచిన ఆఖరి చేయి తొమ్మిదుల జతే. అవతల జానీ చాన్, వరసగా మూడో టైటిల్ కోసం ఆసు, ఏడుతో ఉన్నాడు. హెల్‌మ్యూత్‌కు అప్పుడు 24 ఏళ్లు. 2014లో మార్టిన్ జేకబ్‌సన్ గెలిచింది పదుల జతతో. మధ్య జతల వీరాభిమానికి ఇంతకంటే ఏం కావాలి? వాళ్లిద్దరూ ఆ చేతులు ఆడింది బల్ల దగ్గర ఇద్దరే మిగిలాక అన్న సంగతి నేను పట్టించుకోలేదు. ఎదురుగా ఒక్కడే ఉన్నప్పుడు తొమ్మిదులు చిన్న ముక్కలేం కావు.

2003 కథ ఇంకా చిత్రం. 839 మంది ఆడిన ఆ మెయిన్ ఈవెంట్‌ను క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ఆ టోర్నమెంటులోనే ఒకచోట ఆయన ఎనిమిదుల జత హంబర్టో బ్రెనెస్ ఆసుల జతకు ఎదురైంది. టర్న్‌లో ఎనిమిది పడి బతికాడు. తర్వాత పదిమంది మిగిలినప్పుడు ఫిల్ ఐవీ తొమ్మిదుల జతతో, మనీమేకర్ ఆసు, రాణితో తలపడ్డారు. ఫ్లాప్‌లో రెండు రాణులు. టర్న్‌లో తొమ్మిది పడి ఐవీకి మూడు తొమ్మిదులు, రెండు రాణులతో ఫుల్ హౌస్. రివర్‌లో ఆసు పడి మనీమేకర్‌కు అంతకంటే పెద్ద ఫుల్ హౌస్. ఐవీ పదో స్థానంలో లేచిపోయాడు. ఎనిమిదులు గెలిచాయి, తొమ్మిదులు ఓడాయి. ఈ రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫలితం ఎంత చెడ్డ గురువో తెలియాలి. నేను మాత్రం బ్రెనెస్ చేతిని గుర్తుపెట్టుకుని ఐవీ చేతిని మరిచిపోయాను.

మూడో తప్పు జరిగిన రోజుకు వస్తాను. ఇంకో ఇద్దరు లేచిపోతే మిగిలినవాళ్లందరికీ డబ్బు. బల్లలన్నీ నెమ్మదించాయి, ఒక్కొక్కడూ గడియారం వంక చూస్తూ ముక్కలు పారేస్తున్నాడు. నా దగ్గర పద్దెనిమిది బ్లైండ్లు. మొదటి స్థానంలో మాట్లాడాల్సినాయన, పదహారు బ్లైండ్లున్న నెమ్మదైన మనిషి, ఆల్ ఇన్ అన్నాడు, అంటే ఉన్నవన్నీ తోసేశాడు. మధ్యలో అందరూ తప్పుకున్నారు. నేను చూస్తే తొమ్మిదులు. పదులతో గెలిచిన రోజు కళ్లముందు మెదిలింది. కాల్. ఆయనది ఆసు, రాజు. ఫ్లాప్‌లోనే రాజు. మిగిలిన రెండు బ్లైండ్లు తర్వాతి రౌండులో పోయాయి. డబ్బులొచ్చే గీత ముందు రెండడుగుల దూరంలో బయటికొచ్చాను.

రాత్రి బావకు ఫోన్ చేశాను. మా అక్క భర్త. ఆయనా పోకర్ ఆడతారు, నాకంటే తక్కువ ఆడి ఎక్కువ మిగుల్చుకునే మనిషి.

“నైన్స్‌తో పోయాను బావా. వాడికి ఆసు-రాజు. కాయిన్ ఫ్లిప్ పోయింది, ఏం చేస్తాం.”

“ముందు తోసింది ఎవడురా? నువ్వా, వాడా?”

“వాడే.”

“ఎక్కణ్ణుంచి?”

“ఫస్ట్ పొజిషన్.”

“ఇంకెంతమంది పోతే డబ్బులు?”

“ఇద్దరు.”

కాసేపు అవతల నుంచి టీవీ శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత, “మరి పోక ఏం చేస్తావు? సరే, భోంచేశావా?” అన్నారు.

కోపమొచ్చింది. తర్వాతి ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక ఆయన ఒక కవరు వెనక లెక్క వేసి చూపించారు. దాన్నిక్కడ ఉన్నదున్నట్టు పెడతాను, ఎందుకంటే నా ఆటను మార్చింది పుస్తకాల కంటే ఆ కవరే.

నలుగురు మిగిలారు, ముగ్గురికే డబ్బు అనుకోండి. మొత్తం పదివేల డాలర్లు. మొదటివాడికి 5,000, రెండోవాడికి 3,000, మూడోవాడికి 2,000. నలుగురి దగ్గరా చిప్స్ సమానం. అంటే ఒక్కొక్కడి చోటు విలువ 2,500. ఇప్పుడొకడు ఆల్ ఇన్ అన్నాడు, మీరు కాల్ చేసి గెలిచారు. చిప్స్ రెండింతలయ్యాయి. మీ చోటు విలువ ఐదువేలైందా? కాలేదు. సగం చిప్స్ మీవి కాబట్టి మొదటి స్థానం సగంసార్లు మీది. రెండోది మూడింట ఒకసారి, మూడోది ఆరింట ఒకసారి. లెక్క కడితే 3,833 డాలర్లు. ఓడితే సున్నా. పెట్టేది 2,500, వచ్చే లాభం 1,333. ఈ బేరం గిట్టాలంటే నూటికి 65 సార్లు గెలవాలి. ఆసు-రాజు మీద తొమ్మిదులు గెలిచేది దాదాపు 55 సార్లు. అవతలివాడు తన ముక్కలు ముందే తిప్పి చూపించి ‘నాది ఆసు-రాజు, ఆడతావా’ అని అడిగినా, అక్కడ తొమ్మిదులు పారేయాల్సిందే. ఈ పద్ధతిని ఐసీఎం అంటారు. చిప్స్‌ను డబ్బుగా మార్చి చూసే లెక్క. వందమంది టోర్నమెంటులో, పన్నెండుమంది మిగిలిన చోట ఇది ఇంత తీవ్రంగా ఉండదు. దిశ మాత్రం ఇదే. గెలిచే చిప్స్ కంటే పోయే చిప్స్ ఖరీదెక్కువ.

పైగా ఆ మనిషి ముక్కలు తిప్పి చూపించలేదు. ఆయన తోసింది మొదటి స్థానం నుంచి, వెనక బల్లంతా ఉండగా, డబ్బుల గీత ముందు. అంత నెమ్మదస్తుడు దేనితో తోస్తాడు? పదుల నుంచి ఆసుల దాకా జతలు, లేదా ఆసు-రాజు అనుకుందాం. ఒక్కో జత ఆరు రకాలుగా రావచ్చు కాబట్టి ఐదు జతలు ముప్పై రకాలు. ఆసు-రాజు పదహారు రకాలు. మొత్తం 46లో 30 నా తొమ్మిదుల మీద కూర్చునేవే. పెద్ద జత మీద తొమ్మిదులు గెలిచేది ఐదింట ఒకసారి. అన్నీ కలిపితే నా గెలుపు నూటికి 31, 32. వాడికి ఆసు-రాజు ఉండటం, నేను ‘పోయింది’ అని ఏడ్చిన ఆ కాయిన్ ఫ్లిప్, రెండూ నాకు ఆరోజు దొరికిన మంచి భాగాలే. కాల్ చేసే వేళకు నేను అంతకంటే హీనంగా ఉన్నాను.

“అయితే తొమ్మిదులు పారేయడమేనా బావా, ఇక ఎప్పుడు ఆడతాం?” అన్నాను. ఆయన కవరు తిప్పి రెండోవైపు అదే లెక్క తలకిందులుగా వేశారు. నలుగురే ఉన్న ఆ బల్ల దగ్గరే, ఈసారి తోసేది నేను. ఇప్పుడు 65 కావలసింది ఎదుటివాడికి. వాడి దగ్గర ఆసు-రాణి ఉన్నా, ఏడులున్నా పారేయాలి. పారేస్తే బ్లైండ్లూ, ఆంటీ అనే ఇంకో తప్పనిసరి పందెమూ నావి. ఈ రోజుల్లో పెద్ద బ్లైండ్‌వాడే అందరి తరఫునా ఒక బ్లైండ్ ఆంటీ కడతాడు కాబట్టి బల్ల మధ్యలో ఊరికే పడి ఉండేది రెండున్నర బ్లైండ్లు. నా దగ్గర పన్నెండు ఉంటే, ముక్కలు ఎవరికీ చూపించకుండానే ఐదో వంతు పెరిగినట్టు. ఎవడైనా కాల్ చేసినా నా చేతిలో ఉన్నది చెత్త కాదు, తొమ్మిదులు.

డేవిడ్ స్క్లాన్‌స్కీ 2002లో అచ్చయిన టోర్నమెంట్ పుస్తకంలో ఈ సంగతికి గ్యాప్ కాన్సెప్ట్ అని పేరే పెట్టాడు. నువ్వు ముందుగా పెంచడానికి సరిపోయే చేయి, ఇంకొకడు పెంచాక కాల్ చేయడానికి సరిపోదు అని. ఆ పుస్తకం నా అలమరలో ఎప్పట్నుంచో ఉంది. చదివి గీతలు కూడా గీశాను. గీతలు గీసిన చేయి వేరు, కాల్ అన్న నోరు వేరు. 1995 ఛాంపియన్ డాన్ హారింగ్టన్ పుస్తకాలూ ఉన్నాయి. చిప్స్ ఎంత మిగిలితే ఏ చేయి ఎలా మారుతుందో ఆయన విడమరిచి చెప్పాడు. నేను అందులో ముక్కల పట్టికలు బట్టీ పట్టి, చిప్స్ గురించి రాసిన పేజీలు దాటేసినవాణ్ణి.

ఇప్పుడు తొమ్మిదులు రాగానే నేను ముక్కల్ని ఒక్కసారే చూస్తాను. ఆ తర్వాత చూసేది నా ముందున్న చిప్స్, నా కంటే ముందు ఎవరు ఏమన్నారు అన్నది. వంద బ్లైండ్లుంటే అవి సెట్టు కోసం ఎదురుచూసే చిన్న జత. ఒక పందెం ఇస్తాను, రెండోదానికి ఆలోచిస్తాను, మూడోదానికి లేదు. పన్నెండు, పదిహేను బ్లైండ్లుండి నా ముందు ఎవరూ దిగకపోతే అదే నాకు పెద్ద చేయి, అన్నీ తోసేస్తాను. ఇరవై, పాతిక బ్లైండ్ల మధ్య మాత్రం ఇప్పటికీ ఇబ్బందే. చివరి స్థానం నుంచి ఎడాపెడా పెంచేవాడు ఎదురైతే అన్నీ పెట్టి తిరగబడతాను, వాడు పారేసే అవకాశం ఉంది కాబట్టి. మొదటి స్థానం నుంచి రాయిలాంటివాడు పెంచితే పారేస్తాను, పారేసినప్పుడల్లా ఇంకా కడుపులో తిప్పుతుంది. ఒక్కోసారి పారేశాక ఫ్లాప్‌లో తొమ్మిది పడుతుంది. దానికి మందు లేదు.

ఇంటి దగ్గర్నుంచి కుర్రవాళ్లు అడుగుతుంటారు, ఫోన్లో ఆడి నేర్చుకోవచ్చా అని. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు కేసులో రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా గుర్తించింది కదా అని ఒకడు వాదించాడు. ఆ తీర్పే మూడు ముక్కలాటను అదృష్టం ఆటల పక్కన పెట్టిందని కూడా చదువుకోమన్నాను. నేర్చుకోవాలనుంటే డబ్బు లేకుండా నలుగురు కూర్చుని బఠాణీలతో ఆడుకోవచ్చు, ఐసీఎం లెక్కకు బఠాణీలైనా ఒకటే. వెగాస్‌లో నేను పోగొట్టుకున్నది జీతంలోంచి వినోదానికి తీసిపెట్టిన డబ్బు. అప్పు తెచ్చి ఆడేవాడికి నేను చెప్పిన లెక్కల్లో ఒక్కటీ పనికిరాదు. వాడికి ఓడితే పోయేది చిప్స్ కాదు కాబట్టి.

చట్టం ఒప్పుకున్నచోట టోర్నమెంట్లు ఆడేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను. ఏడుల నుంచి పదుల దాకా వచ్చిన ప్రతి జతనూ, బల్ల దగ్గర్నుంచి లేచాక, ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎన్ని బ్లైండ్లున్నాయి, ఎక్కడ కూర్చున్నారు, ముందు ఎవరు దిగారు, డబ్బుల గీత ఎంత దూరంలో ఉంది, మీరేం చేశారు. గెలిచారో ఓడారో రాయకండి. నెల తర్వాత తీసి, ఎవరివో ముక్కలన్నట్టు చదవండి. చదివాక మీ లెక్కతో నా లెక్క తప్పని తేలితే, ఉత్తరం రాయండి.